మైకు బాగయ్యేలోపు నాలుగు లెక్కలు

సీతమ్మధార శ్రోత | శనివారం రాత్రి 10.40

ఇవాళ కచేరీకి వచ్చినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆరున్నరకి మొదలుకావాల్సింది, ఏడుంపావు దాటినా మైకు గురక పెడుతూనే ఉంది. ఏ హాలో రాయను, వచ్చినవాళ్లు లోపల్లోపల నవ్వుకోండి.

మా అమ్మాయి పదో తరగతి. సోమవారం లెక్కల పరీక్ష పెట్టుకుని కచేరీ ఏమిటని వాళ్ల నాన్న గొణిగితే, పుస్తకం సంచిలో పడేసుకుని మరీ వచ్చింది. మైకు సంగతి తేలేలా లేదని పుస్తకం తీసింది. రెండు చరరాశుల సమీకరణాలు. పడవ ఏటికి ఎదురెళ్లడం, తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు ఉండడం, ఆ బాపతు. "అమ్మా, ఈ తండ్రీకొడుకులు వయసెంతో నేరుగా చెప్పి చావరేం?" అంది గట్టిగా. వెనక వరసలో మన గాజువాక ఘటం తమ్ముడు పకపకా నవ్వాడు. అక్కడ మొదలైంది.

తండ్రీకొడుకుల్ని పక్కన పెట్టి మా నాన్నగారి క్యాసెట్ల పెట్టె లెక్క ఇచ్చాను. మీరూ చేయండి. పెట్టెలో 12 క్యాసెట్లున్నాయి. కొన్ని 60 నిమిషాలవి, కొన్ని 90వి. అన్నీ ఆపకుండా వింటే సరిగ్గా 15 గంటలు. ఏవి ఎన్ని?

గాజువాక ఘటం | శనివారం రాత్రి 10.52

అక్కా, అక్కడే చెప్పేశాను కదా, మళ్లీ ఏటిది! సరే, రానివాళ్ల కోసం. అన్నీ అరవైవే అనుకోండి. 12 అరవైలు 720 నిమిషాలు. 15 గంటలంటే 900. తేడా 180. ఒక అరవైని తీసి తొంభైని పెడితే 30 పెరుగుతుంది. 180లో ముప్పైలు ఆరు. తొంభైలు 6, అరవైలు 6. ఆల్జీబ్రా లేదు, ఏటీ లేదు.

పెందుర్తి పల్లవి | శనివారం రాత్రి 11.03

అదే ఆల్జీబ్రా అన్నా. పేరు పెట్టలేదు అంతే.

అరవైలు 'అ', తొంభైలు 'త' అనుకుందాం.
అ + త = 12
60అ + 90త = 900
మొదటిదాన్ని 60తో గుణించి రెండోదాంట్లోంచి తీసేస్తే 30త = 180. మీరు "అన్నీ అరవైవే అనుకోండి" అన్నారే, ఆ గుణకారం అదే.

సీతమ్మధార శ్రోత | శనివారం రాత్రి 11.10

మా అమ్మాయి అడుగుతోంది, ఎక్స్ వై బదులు 'అ', 'త' అని రాస్తే పరీక్షలో మార్కులు వేస్తారా అని.

మద్దిలపాలెం మాస్టారు | శనివారం రాత్రి 11.21

ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దినవాణ్ణి. 'అరవైల సంఖ్య అ అనుకొనుము' అని మొదటి వాక్యం రాస్తే నేనైతే వేస్తానమ్మా. అసలు చిక్కంతా ఆ వాక్యం దగ్గరే. పిల్లలు ఎక్స్ అని రాసేస్తారు. ఎక్స్ అంటే క్యాసెట్లా, నిమిషాలా అని అడిగితే మన మొహం వంక చూస్తారు. 'అ' అని రాసినవాడు అది అరవై అని మరచిపోలేడు. మీ అమ్మాయిది మంచి పద్ధతే. సోమవారం మాత్రం ఎక్స్ రాయమనండి, దిద్దేది నేను కాదు.

క్యాసెట్ల కామందు | ఆదివారం ఉదయం 6.15

నా పేరు చూశాక కూడా ఈ దారంలోకి (థ్రెడ్‌లోకి) నన్ను పిలవలేదంటే బాధగా ఉంది. ఒక కొసరు లెక్క. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. శ్రోత గారి పెట్టెలో మొత్తం టేపు పొడవెంత?

పెందుర్తి పల్లవి | ఆదివారం ఉదయం 7.30

15 గంటలంటే 54,000 సెకన్లు. ఇంటూ 4.76. రెండున్నర కిలోమీటర్ల పైన!

క్యాసెట్ల కామందు | ఆదివారం ఉదయం 7.34

పడ్డావా! క్యాసెట్‌కి రెండు వైపులుంటాయి తల్లీ. అదే టేపు తిప్పి వేస్తాం. ఏడున్నర గంటలే నడిచేది. 27,000 సెకన్లు, 1,285 మీటర్లు. ఈ తరం వాళ్లు క్యాసెట్ తిప్పి వేసి ఎరగరు, అదీ బాధ.

ఇంకోటి. నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డుని మా తమ్ముడు చిన్నప్పుడు 33⅓ మీద పెట్టేవాడు. పాడే ఆవిడ కాస్తా ఆయన అయిపోయేది. 45ని 33⅓తో భాగిస్తే 1.35. అంటే దరిదాపు మూడింట నాలుగు వంతులు. ఆవిడ షడ్జమం (స) పట్టుకున్న చోట మాకు కింది పంచమం (ప) వినిపించేదన్నమాట. పాట పొడవూ అంతే పెరిగేది. మూడు నిమిషాల పాట నాలుగు నిమిషాల మూడు సెకన్లు. ఒక్క రికార్డుకి రెండు పాటలు, డబ్బు ఆదా.

అనకాపల్లి బెల్లం | ఆదివారం ఉదయం 8.02

వచ్చే శనివారం కచేరీకి ఎవరి దగ్గరైనా పాసు ఉందా?

గాజువాక ఘటం | ఆదివారం ఉదయం 9.20

పాసుల దారం వేరే ఉంది బెల్లం గారూ.

ఇప్పుడు నా వంతు. నిన్న మైకు బాగయ్యాక తని ఆవర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) మృదంగం ఆయన వేసిన ముక్తాయి, అదే ముగింపు, విన్నారా? ఒకే జతి (దెబ్బల వరస) మూడుసార్లు, మధ్యలో రెండు ఖాళీలు, సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి పడ్డాడు. హాలంతా చప్పట్లు. నేను ఇంటికొచ్చి దాన్ని లెక్కలో పెట్టాను.

ఆదితాళం 8 అక్షరాలు, అంటే చేతి లెక్కలు. అక్షరానికి 4 మాత్రలు. ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకి, 32. జతి 'జ' మాత్రలు, ఖాళీ 'వి' మాత్రలు అనుకుంటే

3జ + 2వి = 32

సమం మీద ఎత్తుకుని, మళ్లీ సమానికి దిగాలి. జ, వి రెండూ ధన పూర్ణసంఖ్యలు. ఎన్ని రకాలుగా కుదురుతుంది?

పెందుర్తి పల్లవి | ఆదివారం ఉదయం 9.41

2వి సరిసంఖ్య, 32 సరిసంఖ్య. కాబట్టి 3జ సరి, అంటే జ కూడా సరి. జ = 10 అయితే వి = 1. ఎనిమిదికి 4, ఆరుకి 7, నాలుగుకి 10, రెండుకి 13. ఐదు రకాలు.

గాజువాక ఘటం | ఆదివారం ఉదయం 9.50

లెక్కకి ఐదూ కరెక్టే. కానీ రెండు మాత్రలు వాయించి పదమూడు మాత్రలు ఊరుకుంటే అది పక్కవాద్యం కాదు, ఊరికే పక్కన కూర్చున్న వాద్యం. పదికి ఒకటి, ఎనిమిదికి నాలుగు, ఆరుకి ఏడు, ఈ మూడే చెవికి ఆనతాయి.

ఎంవీపీ వీణ | ఆదివారం ఉదయం 10.15

ఒక్క డౌటు. క్లాసులో అందరూ మొదట నేర్చుకునేది తధిగిణతోం. అది ఐదు. పల్లవి లెక్క ప్రకారం జ సరిసంఖ్యే కావాలి. మరి ఐదుతో ముక్తాయి ఎలా వేస్తున్నారు? రోజూ వింటున్నాం కదా!

మద్దిలపాలెం మాస్టారు | ఆదివారం ఉదయం 10.38

మంచి ప్రశ్న. ఐదు పెట్టండి. 15 + 2వి = 32. వి ఎనిమిదిన్నర. అది కుదరదు. అయితే లెక్క ఇచ్చిన నాయన ఒక షరతు పెట్టాడు చూడండి, "సమం మీద ఎత్తుకుని" అని. ఆ షరతు వదిలేస్తే దారి దొరుకుతుంది. ఖాళీ రెండేసి మాత్రలనుకోండి. 5, 2, 5, 2, 5. మొత్తం 19. 32లోంచి 19 పోతే 13. పదమూడు మాత్రలు వదిలి ఎత్తుకుంటే సమానికి దిగుతాడు.

గాజువాక ఘటం | ఆదివారం ఉదయం 10.49

మాస్టారూ!! పదమూడంటే మూడు అక్షరాలు, ఒక మాత్ర. తాళం వేసే చేతి లెక్కలో దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు అయిపోయాయి. మధ్యవేలు పడ్డాక ఒక మాత్ర ఆగి 'త' అనాలి. మా గురువుగారు సరిగ్గా అక్కడే నా చేతి మీద కొట్టేవారు, "ఇక్కడరా, ఇక్కడ" అని. ఏడేళ్లయింది. ఆయన ఎందుకు అక్కడే కొట్టేవారో ఇవాళ తెలిసింది.

ఇంకా లాగితే, జతి బేసి అయినప్పుడల్లా బేసి మాత్రలు వదిలే ఎత్తుకోవాలి. ఐదు, ఏడు, తొమ్మిది, ఏదైనా సరే. అందుకే వాటికి ఆ తడబడినట్టుండే ఎత్తుగడ.

ఎంవీపీ వీణ | ఆదివారం మధ్యాహ్నం 1.05

సరే, నా పరువు తీసిన కథ ఒకటి చెప్తాను. ఎవరూ నవ్వకూడదు. నలభై దాటాక వీణ మొదలుపెట్టి, ధైర్యం చేసి ఒక పరీక్షకి కట్టాను. మౌఖికంలో అడిగారు, "మాయామాళవగౌళ ఎన్నో మేళకర్త?" అంటే మూలరాగాల పట్టికలో ఎన్నోదని. సరళీ వరసల నుంచి వాయిస్తున్న రాగం. టెన్షన్‌లో కటపయాది గుర్తుచేసుకున్నాను. మ అయిదు, య ఒకటి. "51" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని "అలాగా? అయితే కామవర్ధని వాయించమ్మా" అన్నారు.

తిప్పి చదవడం మరిచిపోయాను! అంకెలు వెనక నుంచి రావాలి కదా, 15. తరవాత ఇంట్లో కూర్చుని చూస్తే ఒళ్లు జలదరించింది. 51 కామవర్ధని. అది మాయామాళవగౌళకి ప్రతిమధ్యమం జోడీయే. మిగతా స్వరాలన్నీ ఒకటే, మధ్యమం ఒక్కటే తేడా. నేను తప్పు చెప్పినా మేనత్త కూతురి ఇంటికే వెళ్లాను. ఇది యాదృచ్ఛికమా?

గాజువాక ఘటం | ఆదివారం మధ్యాహ్నం 1.12

కటపయాది ఏటో నాలాంటి తాళం బాపతు వాళ్లకి ఎవరైనా చెప్పండి ముందు.

ఎంవీపీ వీణ | ఆదివారం మధ్యాహ్నం 1.30

క నుంచి ఝ వరకు 1 నుంచి 9. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య నుంచి హ వరకు 1 నుంచి 8. ఞ, న సున్నాలు. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలకి అంకెలు రాసి, తిరగేసి చదివితే మేళకర్త సంఖ్య. 'ధీర' అంటే 9, 2. తిరగేస్తే 29, ధీరశంకరాభరణం. 'మేచ' అంటే 5, 6. తిరగేస్తే 65, మేచకల్యాణి. ధీర, మేచ అనే తోకలు, కాదు కాదు, తలలు తగిలించిందే ఈ లెక్క కోసం. 1 నుంచి 36 వరకు శుద్ధమధ్యమం (కింది మ), 37 నుంచి 72 వరకు ప్రతిమధ్యమం (పై మ). ఏ రాగానికైనా 36 కలిపితే దాని జోడీ వస్తుంది. 29కి 36 కలిపితే 65, చూశారా.

సీతమ్మధార శ్రోత | ఆదివారం మధ్యాహ్నం 2.45

ఇది రాస్తున్నది నేను కాదు, మా అమ్మాయి. అన్నం కంచం ముందు పెట్టుకుని ఎడమచేత్తో టైపు చేస్తోంది.

"వీణ ఆంటీ, యాదృచ్ఛికమో కాదో చూద్దాం. మేళకర్త సంఖ్యలో పదుల అంకె ప, ఒకట్ల అంకె ఒ. సంఖ్య 10ప + ఒ. తిప్పడం మరిచిపోతే వచ్చేది 10ఒ + ప. ఈ రెండోది జోడీ అవ్వాలంటే మొదటిదానికంటే 36 ఎక్కువుండాలి.

(10ఒ + ప) − (10ప + ఒ) = 36
9ఒ − 9ప = 36
ఒ − ప = 4

అంటే ఒకట్ల అంకె పదుల అంకె కంటే 4 ఎక్కువుంటే చాలు. 04, 15, 26, 37... కానీ 37 శుద్ధమధ్యమం కాదు, 36తోనే ఆగిపోవాలి. కాబట్టి 4, 15, 26. మూడే మూడు రాగాలు. ఆ రాగాలేంటో నాకు తెలీదు, మీరే చెప్పండి."

ఎంవీపీ వీణ | ఆదివారం మధ్యాహ్నం 3.02

బంగారు తల్లీ! 4 వనస్పతి. వ 4, న 0. తిప్పకపోతే 40. అది నవనీతం. వనస్పతి తప్పితే నవనీతమట, వంటింట్లో కూడా అంతే. 26 చారుకేశి. చ 6, ర 2. తిప్పకపోతే 62, రిషభప్రియ. 15 సంగతి సరేసరి. డెబ్బై రెండింటిలో తప్పు చెప్పినా చుట్టాలింటికి చేర్చే జతలు మూడే ఉంటే, అందులో ఒకటి నా పరీక్షలో పడింది.

పెందుర్తి పల్లవి | ఆదివారం మధ్యాహ్నం 3.10

ఖరహరప్రియ అడిగి ఉంటే బతికిపోయేవారు ఆంటీ. 22. ఎటు తిప్పినా అదే. కోకిలప్రియ 11, గాంగేయభూషణి 33, భవప్రియ 44 కూడా.

గాజువాక ఘటం | ఆదివారం మధ్యాహ్నం 3.16

శంకరాభరణం అడిగి ఉంటే 92 అనేవారు. ఉన్నవే 72. ఆయన కళ్లజోడు తీసి ఇంటికెళ్లిపోయేవారు.

మద్దిలపాలెం మాస్టారు | ఆదివారం రాత్రి 8.20

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఇంత జరిగింది. అమ్మాయికి నా తరఫున ఒక రాత్రి పూట లెక్క. భాస్కరాచార్యుడి లీలావతిలోది. 1150 నాటి పుస్తకం. శ్లోకం మీరు వెతుక్కోండి, నేను మాటల్లో చెప్తాను.

తుమ్మెదల గుంపు ఒకటుంది. గుంపులో సగానికి వర్గమూలం ఎంతో అన్ని తుమ్మెదలు మాలతీ పొద మీదకి పోయాయి. మొత్తం గుంపులో తొమ్మిదింట ఎనిమిది వంతులు కూడా పోయాయి. మిగిలింది ఒక జంట. మగతుమ్మెద వాసనకి ఆశపడి తామరలో దూరితే రాత్రికి పువ్వు ముడుచుకుపోయింది. లోపల అది ఝుమ్మంటోంది, బయట ఆడతుమ్మెద బదులు పలుకుతోంది. మొత్తం ఎన్ని?

జవాబు వచ్చాక ఈ దారంలో వాళ్లకి ఒక బహుమతి ఉంది.

పెందుర్తి పల్లవి | ఆదివారం రాత్రి 8.55

వర్గమూలం వదిలించుకోవడానికి మొత్తాన్ని 2తు² అనుకున్నాను. సగం తు², దాని మూలం తు.

తు + 16తు²/9 + 2 = 2తు²
తొమ్మిదితో గుణిస్తే 9తు + 16తు² + 18 = 18తు²
2తు² − 9తు − 18 = 0
(తు − 6)(2తు + 3) = 0

తు = 6, లేదా మైనస్ ఒకటిన్నర.

గాజువాక ఘటం | ఆదివారం రాత్రి 8.58

మైనస్ ఒకటిన్నర అంటే శృతా?

పెందుర్తి పల్లవి | ఆదివారం రాత్రి 9.01

కాదు, మీరు. తు = 6 తీసుకుంటే మొత్తం 2 × 36 = 72. ఆరు పొద మీద, 64 ఇంకోచోట, రెండు తామర దగ్గర. సరిపోయింది.

ఆగండాగండి. 72?!

ఎంవీపీ వీణ | ఆదివారం రాత్రి 9.04

డెబ్బై రెండు! సగం 36, శుద్ధమధ్యమ రాగాలు. దాని మూలం 6, ఒక్కో చక్రంలో, అంటే మేళకర్తల గుంపులో, రాగాలు. మాస్టారూ, ఇది ముందే తెలిసి దాచుకున్నారా?

మద్దిలపాలెం మాస్టారు | ఆదివారం రాత్రి 9.15

తెలిసే. అదే బహుమతి. అయితే ఒక మాట. రేపు పొద్దున్నే దీన్ని వాట్సాప్‌లో "భాస్కరాచార్యుడికి మేళకర్తలు ముందే తెలుసు" అని ఎవరూ పంపకండి. సంగీత శాస్త్రకారుడు వేంకటమఖి ఈ 72ని కట్టింది పదిహేడో శతాబ్దంలో. భాస్కరుడు తుమ్మెదల్ని లెక్కపెట్టిన నాటికి అయిదు వందల ఏళ్ల తరవాత. 72కి సగం చక్కని వర్గం, దానికి తొమ్మిదో వంతు కూడా చక్కగా వస్తుంది. లెక్కలు అల్లేవాడికి అలాంటి సంఖ్య మహా సౌకర్యం. అంతే సంగతి.

గణితాన్ని పద్యాల్లో పెట్టడం మనకీ కొత్త కాదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు చేశాడు.

సీతమ్మధార శ్రోత | సోమవారం సాయంత్రం 5.30

పరీక్ష అయింది. పడవ లెక్కే వచ్చిందట. చేసిందట. ఎక్స్ అంటే పడవ వేగమని మొదటి వాక్యం రాశానని మాస్టారికి చెప్పమంది.

గాజువాక ఘటం | సోమవారం రాత్రి 9.10

శభాష్. ఇప్పుడు కూర్చుని చేసేది కాదు, నలుగురం కలిసి చేతులతో చేసే లెక్క ఒకటి. మన పక్కనే విజయనగరం. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. కాళ్లు, చేతులు, తల కలిపి ఒకేసారి ఐదు తాళాలు వేసేవారని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. మనం ఒక్కొక్కరం ఒక్కొక్కటి వేద్దాం. తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. అందరం ఒకేసారి సమం కొట్టి మొదలుపెడితే, మళ్లీ అందరి సమం ఎప్పుడు కలుస్తుంది?

పెందుర్తి పల్లవి | సోమవారం రాత్రి 9.14

క.సా.గు. 3, 4, 5, 7, 9కి 1260. సెకనుకి ఒకటి చొప్పున వేస్తే 21 నిమిషాలు. ఆదివారం సాయంత్రం బీచ్‌లో?

అనకాపల్లి బెల్లం | సోమవారం రాత్రి 9.40

పాసు సంగతి ఎవరూ చెప్పలేదు.

గాజువాక ఘటం | తరవాతి ఆదివారం రాత్రి 9.00

రిపోర్టు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గోడ మీద వరసగా కూర్చున్నాం. పల్లవి 3, శ్రోత అక్క 4, వీణ గారు 5, నేను 7, మాస్టారు 9. ఫోన్‌లో టిక్‌టిక్ పెట్టాం, నిమిషానికి 60. వచ్చేపోయేవాళ్లు భజన అనుకుని నమస్కారం పెట్టారు. ఒకాయన చిల్లర కూడా వేయబోయాడు.

ఫలితం. 12 నిమిషాలకే ఐదుగురి చప్పట్లూ ఒక్కసారి పడ్డాయి! ఠంచనుగా. కాబట్టి పల్లవి 1260 తప్పు. 720 చాలు. పుస్తకం లెక్క వేరు, చేతి లెక్క వేరు.

మద్దిలపాలెం మాస్టారు | తరవాతి ఆదివారం రాత్రి 9.22

నాయనా, నువ్వు ఏడు లెక్క వేస్తూ మురీ మిక్చర్ పొట్లం అందుకున్నావు. నేను చూశాను.

చూడు. 3, 4, 5, 9 నలుగురం ప్రతి 180 సెకన్లకీ కలుస్తాం, అంటే మూడు నిమిషాలకోసారి. నీ ఒక్కడి కోసమే 21 నిమిషాలు ఆగాలి. మేం కలిసినప్పుడల్లా నువ్వు ఎక్కడుండాలో ఏడుతో భాగిస్తే తెలుస్తుంది. 180ని భాగిస్తే శేషం 5. 360కి 3. 540కి 1. 720కి 6. అంటే తొమ్మిదో నిమిషంలో నీ సమం మాకంటే ఒక్క సెకను ముందు పడాలి, పడింది. పన్నెండో నిమిషంలో మాకంటే ఒక్క సెకను వెనక పడాలి. నువ్వు మాతో పాటే కొట్టేశావు.

గాజువాక ఘటం | తరవాతి ఆదివారం రాత్రి 9.30

సాక్ష్యం ఏదండీ?

సీతమ్మధార శ్రోత | తరవాతి ఆదివారం రాత్రి 9.48

సాక్ష్యం మా అమ్మాయి. ఘటం మామయ్య కొట్టిన ప్రతి సమానికీ నోటుబుక్కులో గీత గీసింది. నాలుగు నిలువు, ఒక అడ్డం, కిరాణా కొట్లో గీసినట్టు. తొమ్మిదో నిమిషం దగ్గర ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుంది. దాని మాటల్లోనే:

"మామయ్యా, మీ 539వ సెకను చప్పట్ల తరవాత 720 వరకు గీతలు 26. అన్నీ ఏడేసి అయితే 26 × 7 = 182 సెకన్లు పట్టాలి. పట్టింది 181. కొన్ని ఆవర్తనాలు ఆరేసి వేశారనుకుంటే, ఏడేసివి 'ఏ':

7ఏ + 6(26 − ఏ) = 181
ఏ + 156 = 181
ఏ = 25

ఇరవై ఐదు కరెక్టు. ఒక్కటి ఆరు. అది ఎక్కడో గీతల్లో తెలీదు కానీ, పదిహేడో గీత మీద నూనె మరక ఉంది."

పెందుర్తి పల్లవి | తరవాతి ఆదివారం రాత్రి 9.55

శాస్త్రానికి చెప్తున్నా, రెండుసార్లు ఆరు, ఒకసారి ఎనిమిది వేసినా 181 వస్తుంది.

గాజువాక ఘటం | తరవాతి ఆదివారం రాత్రి 10.02

అంత టాలెంట్ నాకు లేదు తల్లీ. ఒకటే. ఉల్లిపాయ ముక్క జారింది, దాంతోపాటు ఒక మాత్ర. ఒప్పుకున్నా.

ఎంవీపీ వీణ | తరవాతి ఆదివారం రాత్రి 10.05

ఆ తప్పుడు సమం మీంచి లెక్కపెడితే, నిజంగా మళ్లీ కలవడానికి ఇంకో 21 నిమిషాలు పట్టేది. మొత్తం 33. మేం లేచి వచ్చేయడమే మంచిదైంది, దోమలు.

గాజువాక ఘటం | తరవాతి ఆదివారం రాత్రి 10.08

వచ్చేసారి నాకు తిశ్రం ఇవ్వండి. మిశ్రం మాస్టారికి. పొట్లాలు లెక్క అయ్యాకే.

అనకాపల్లి బెల్లం | తరవాతి ఆదివారం రాత్రి 10.15

నిన్నటి కచేరీ ఎలాగూ పోయింది. వచ్చే శనివారానిదైనా పాసు ఉందా?

సీతమ్మధార శ్రోత | తరవాతి ఆదివారం రాత్రి 10.20

ఉన్నాయండీ. మా ఇంటికి నాలుగు పక్కన పెట్టి, మిగిలినవాటిలో సగం ఘటం తమ్ముడికి ఇచ్చాను. ఇంకా మూడున్నాయి. మొదట నా దగ్గర ఎన్ని ఉండేవో చెప్తే ఒకటి మీది.

అనకాపల్లి బెల్లం | తరవాతి ఆదివారం రాత్రి 10.21

పది. ఎన్నింటికి రమ్మంటారు?

సీతమ్మధార శ్రోత | తరవాతి ఆదివారం రాత్రి 10.22

ఆరున్నరకి అని వేశారు. ఏడుంపావుకి రండి.